పశ్చిమ ప్రకాశంలో గంధకం: చేనుకు వేసేది, మనిషి మింగేది

నత్రజని, భాస్వరం, పొటాష్‌ల తరువాత పంటకు కావలసిన నాలుగవ ముఖ్య పోషకం గంధకమని మనం తరగతి గదిలో బోధిస్తాము. క్షేత్ర సందర్శనకు వెళ్లినప్పుడు రైతులకూ అదే మాట చెబుతాము. మార్కాపురం నుంచి తర్లుపాడు వెళ్లే దారిలో ఒక కంది చేను గట్టున నిలబడి విద్యార్థులకు లేత ఆకుల పసుపు రంగును చూపిస్తున్నప్పుడు, ఆ చేను రైతు సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి చూపించాడు. "సార్, మీరు చేనుకు వెయ్యమంటున్న గంధకం, మా అమ్మ మోకాళ్ల నొప్పులకు మింగుతున్న ఈ గంధకం రెండూ ఒకటేనా? ఒకటే అయితే చేనుకు వేసేదేదో మనిషికే పెడితే పోలా?" అని అడిగాడు. విద్యార్థులు నవ్వారు. నేను "ఒకటి కాదు" అని మాత్రం చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ జవాబు తప్పు కాదు కానీ చాలినది కాదు. ఆ ప్రశ్నలో సస్యశాస్త్రం, పోషకాహారం, తాగునీరు మూడూ ముడిపడి ఉన్నాయి. గిద్దలూరు, కంభం, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు ఇటువంటి ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. అందుచేత ఆనాడు చెప్పవలసిన జవాబును ఇక్కడ పూర్తిగా చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

డబ్బాలో ఉన్నదేమిటి?

ఆ డబ్బా మీద "సేంద్రియ గంధకం" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలలో మిథైల్ సల్ఫోనైల్ మీథేన్ అని ఉంది. దీనినే క్లుప్తంగా ఎం.ఎస్.ఎం. అంటారు. ఒక గంధక పరమాణువుకు రెండు మిథైల్ సమూహాలు, రెండు ఆక్సిజన్ పరమాణువులు చేరిన తెల్లని, వాసన లేని స్ఫటిక పదార్థమిది. బరువులో 34 శాతం గంధకమే. ప్రకృతిలో ఇది లేకపోలేదు. సముద్రంలోని సూక్ష్మ వృక్షజాతులు విడుదల చేసే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు గాలిలో ఆక్సీకరణం చెందినప్పుడు ఏర్పడే పదార్థాలలో ఇదీ ఒకటి. అది వాన నీటితో నేలకు చేరుతుంది. పాలు, టమాట, మొక్కజొన్న, కాఫీ, టీలలో అతి స్వల్ప పరిమాణంలో కనిపిస్తుంది. కానీ డబ్బాలో ఉన్నది వాన నీటి నుంచి తీసినది కాదు. డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆక్సీకరించి కర్మాగారంలో తయారుచేసినది.

ఇక్కడ "సేంద్రియ" అనే మాట గురించి ఒక మాట చెప్పాలి. రసాయన శాస్త్రంలో కర్బనంతో బంధం ఉన్న ప్రతి పదార్థమూ సేంద్రియమే. ఆ లెక్కన పురుగుమందులలో అధిక భాగం సేంద్రియ పదార్థాలే. వ్యవసాయంలో సేంద్రియమంటే వేరు. రైతుకు తెలిసినది ఈ రెండవ అర్థమే. లేబుల్ మీద మొదటి అర్థంలో వేసిన మాటను కొనేవాడు రెండవ అర్థంలో చదువుకుంటాడు. అమ్మేవారికి ఈ తేడా తెలియదని నేననుకోను.

ఈ పదార్థానికి ప్రచారం అమెరికాలో మొదలైంది. ఆరెగాన్‌లో డైమిథైల్ సల్ఫాక్సైడ్ వైద్య ఉపయోగాలపై పనిచేసిన స్టాన్లీ జేకబ్ అనే వైద్యుడు, రాబర్ట్ హెర్ష్లర్ అనే రసాయన శాస్త్రవేత్త దీనిని వెలుగులోకి తెచ్చారు. 1999లో జేకబ్ సహ రచయితగా వెలువడిన పుస్తకం తరువాత ఇది కీళ్ల నొప్పుల మాత్రగా దేశదేశాలకూ వ్యాపించింది. మన దేశంలో ఇది ఔషధంగా కాక ఆరోగ్య అనుబంధాహారంగా, ఎక్కువగా గ్లూకోసమైన్‌తో కలిపి అమ్ముడవుతోంది.

మోకాళ్ల మీద జరిగిన పరీక్షలు

దీనిని మోసమని ఒక్క మాటతో కొట్టివేయడం శాస్త్రీయం కాదు. పరీక్షలు జరిగాయి. వాటిలో చెప్పుకోదగినది మన హైదరాబాదులోనే జరిగింది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఉష, నాయుడు అనే ఔషధ శాస్త్రవేత్తలు స్వల్ప, మధ్యస్థ స్థాయి కీళ్ల అరుగుదల ఉన్న 118 మందిని నాలుగు బృందాలుగా చేశారు. ఒక బృందానికి గ్లూకోసమైన్, ఒక బృందానికి ఎం.ఎస్.ఎం., ఒక బృందానికి రెండూ, మిగిలిన బృందానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మోతాదు 500 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, 12 వారాలు. ఎవరికి ఏది అందుతున్నదో రోగికి గాని పరీక్షించే వైద్యుడికి గాని తెలియదు. 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మందు తీసుకున్న మూడు బృందాలలోనూ నొప్పి, వాపు తగ్గాయి. రెండూ కలిపి తీసుకున్నవారిలో ఇంకా ఎక్కువ తగ్గాయి.

2006లో అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న 50 మందికి రోజుకు 6 గ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చినప్పుడు కూడా ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికన్న నొప్పి కొంత ఎక్కువగా తగ్గింది. 2011లో ఇజ్రాయెల్‌లో 49 మందిపై జరిగిన పరీక్షలోనూ మెరుగు కనిపించింది. అయితే ఆ మెరుగు చిన్నదని, రోగి నిత్య జీవితంలో అది ఎంత ఉపకరిస్తుందో ఇంకా తేలవలసి ఉందని పరిశోధకులే రాశారు. అన్నీ చిన్న పరీక్షలు; అన్నీ మూడు నెలలకే ముగిసినవి. సస్యశాస్త్రంలో ఒకే ఋతువులో, కొద్ది మడులలో చేసిన ప్రయోగాన్ని ఆధారం చేసుకొని మనం రాష్ట్రమంతటికీ సిఫార్సు ఇవ్వము. ఇక్కడా అదే కొలమానం వర్తిస్తుంది. "కొందరికి కొంత ఉపశమనం ఇవ్వవచ్చు" అన్నంతవరకే ఈ ఫలితాలు మనలను తీసుకువెళ్తాయి.

దుష్ఫలితాలు కూడా పెద్దగా లేవు. కడుపు ఉబ్బరం, విరేచనం, తలనొప్పి వంటివి కొందరిలో కనిపించాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా తీసుకోరాదు. ఇంకొక జాగ్రత్త ఉంది, అది మన శాఖకే సంబంధించినది. బూడిద తెగులుకు పిచికారీ చేసే నీటిలో కరిగే గంధకం 80 శాతం పొడి, నేలలో వేసే బెంటోనైట్ గంధకం గుళికలు తినే పదార్థాలు కావు. రెంటినీ గంధకమనే పిలుస్తాము గనుక, మన రైతు సరదాగా అడిగినదాన్ని ఇంకొకరు నిజంగా చేయకుండా చెప్పవలసిన బాధ్యత ఎరువుల గురించి మాట్లాడే మనమీదే ఉంది.

శరీరంలో గంధకం నడిచే దారి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఎం.ఎస్.ఎం. నొప్పిని కొంత తగ్గిస్తే, అది శరీరంలో గంధకం కొరతను తీర్చినందువల్లనా?

మన శరీరానికి గంధకం ప్రధానంగా అందేది మాంసకృత్తులలోని రెండు ఆమైనో ఆమ్లాల రూపంలో: మిథియోనిన్, సిస్టీన్. మిథియోనిన్‌ను మన శరీరం తయారుచేసుకోలేదు. ఆహారం ద్వారా రావలసిందే. మిథియోనిన్ నుంచి సిస్టీన్‌ను చేసుకోగలదు. సిస్టీన్ నుంచి గ్లూటాథయోన్ తయారవుతుంది. కాలేయం విషపదార్థాలను వదిలించుకునేది దాని సాయంతోనే. సిస్టీన్ ఆక్సీకరణం చెందితే సల్ఫేట్ వస్తుంది. మోకాలి మృదులాస్థిలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్‌కు కావలసిన సల్ఫేట్ అధిక భాగం ఈ దారినే చేరుతుంది.

నేలలోని సల్ఫేట్‌ను తీసుకొని, దానిని క్షయకరించి, సిస్టీన్‌గా, మిథియోనిన్‌గా మార్చే యంత్రాంగం మొక్కలకూ సూక్ష్మజీవులకూ ఉంది. మనిషికి లేదు. ఎం.ఎస్.ఎం. గంధకం విషయమూ అంతే. ఎలుకలకు రేడియోధార్మిక గంధకంతో గుర్తించిన ఎం.ఎస్.ఎం. ఇచ్చి చూసినప్పుడు 85 శాతానికి పైగా మూత్రంలో బయటకు వెళ్లిపోయింది. 1986లో గినీ పందులపై చేసిన అధ్యయనంలో స్వల్ప భాగం రక్తంలోని మాంసకృత్తులలో కనిపించింది. అది పేగులలోని సూక్ష్మజీవుల పనితనమై ఉండవచ్చు. ఇక నొప్పి తగ్గడానికి కారణం వేరుగా ఉన్నట్లు కణస్థాయి ప్రయోగాలు సూచిస్తున్నాయి: వాపును ప్రేరేపించే సంకేతాలను ఇది కొంత అణచివేస్తుంది. అంటే ఇది పనిచేసినంతవరకు మందులాగా పనిచేస్తుంది, ఆహారంలాగా కాదు.

ఆహారం లెక్క చూద్దాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం 2007లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి ఒక కిలో శరీర బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాముల గంధక ఆమైనో ఆమ్లాలు కావాలి. 60 కిలోల మనిషికి 900 మిల్లీగ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం తినేవారికి అన్నం నుంచే 800 మిల్లీగ్రాములకు తగ్గకుండా అందుతాయి. 60 గ్రాముల కందిపప్పు 250 మిల్లీగ్రాముల దాకా ఇస్తుంది. ఒక కోడిగుడ్డు సుమారు 300. కొర్ర, సజ్జల మాంసకృత్తులలో మిథియోనిన్ పాలు కందిపప్పులోకన్న దాదాపు రెట్టింపు. కందిపప్పులో లైసిన్ ఎక్కువ, ధాన్యాలలో అది తక్కువ. కొర్రన్నంలోకి పప్పు వేసుకు తిన్న మన పూర్వీకులు ఈ పట్టికలు చూడలేదు గాని లోటును లోటుతోనే పూడ్చుకున్నారు. నువ్వులు కూడా మిథియోనిన్ దండిగా ఉన్న గింజలే.

కడుపు నిండా తినేవారికి గంధకం కొరత అరుదని ఈ లెక్క చెబుతోంది. కొరత ఉండే అవకాశం ఎవరికంటే, పళ్లు ఊడి, ఆకలి తగ్గి, పూటకు ఇంత మజ్జిగన్నం, పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే వృద్ధులకు. ఆ డబ్బా మాత్రలు మింగుతున్న తల్లి వయసు వారికే. వారికి తగ్గినది గంధకం ఒక్కటే కాదు, మొత్తం మాంసకృత్తులు. వారు 1500 మిల్లీగ్రాముల ఎం.ఎస్.ఎం. మింగితే 500 మిల్లీగ్రాముల గంధకం లోపలికి వెళ్లినట్లు లెక్కకు కనిపిస్తుంది, కానీ అందులోంచి మిథియోనిన్ పుట్టదు. మాత్రకు పెట్టే డబ్బుతో రోజుకొక గుడ్డు, లేదా గ్లాసు పాలు, మెత్తగా ఉడికించిన పప్పు పెట్టగలిగితే అది శరీరానికి దక్కుతుంది. ములగాకు, ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగిలో ఉండే ఘాటైన గంధక పదార్థాలు వేరు జాతివి. ఆరోగ్యానికి మంచివే, మిథియోనిన్‌కు మాత్రం బదులు కావు.

"భూమిలో గంధకం పోయింది" అనే వాదన

ఎం.ఎస్.ఎం. ప్రచారంలో తరచు వినిపించే వాదన ఒకటుంది: రసాయన ఎరువులు వచ్చాక భూమిలో గంధకం పోయింది, పంటలో పోయింది, కాబట్టి మాత్రగా మింగాలి. వ్యవసాయ శాస్త్రవేత్తలుగా మనం జవాబు చెప్పవలసిన వాదన ఇదే. ఇందులో సగం నిజం ఉండడమే దీని బలం.

నిజమైన సగం ఇది. ఒకప్పుడు రైతు వాడిన ఎరువులు అమ్మోనియం సల్ఫేట్, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్. మొదటిదానిలో 24 శాతం, రెండవదానిలో 11 శాతం గంధకం ఉంది. నత్రజని కోసం, భాస్వరం కోసం వేసినప్పుడు ఎవరూ అడగకుండానే గంధకం నేలకు చేరేది. తరువాత వాటి స్థానంలో యూరియా, డి.ఎ.పి. వచ్చాయి. రెండింటిలోనూ గంధకం లేదు. పశువులు తగ్గి పెంట ఎరువు తగ్గింది. నేలలోని గంధకంలో అత్యధిక భాగం సేంద్రియ పదార్థంలోనే ఉంటుంది గనుక, సేంద్రియ కర్బనం తక్కువైన ఎర్ర నేలలలో నిల్వ మొదటినుంచీ తక్కువే. గిద్దలూరుకు నల్లమల అవతల ఉన్న కర్నూలు జిల్లాతో పాటు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట భూములలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మట్టి పరీక్షలు జరిపి, అధిక భాగం పొలాలలో గంధకం, బోరాన్, జింకు మూడూ తక్కువగా ఉన్నట్లు 2007లో ప్రచురించారు; వాటిని వేసినప్పుడు దిగుబడి పెరగడాన్నీ రైతుల పొలాలలోనే చూపించారు. ఐరోపాలో ఇదే పరిస్థితి మరొక దారిన వచ్చింది. కర్మాగారాల పొగలోని గంధకాన్ని అరికట్టడంతో గాలినుంచి ఉచితంగా పడే గంధకం తగ్గి, 1980ల తరువాత ఆవజాతి నూనెగింజల పంటలలో లోపం బయటపడింది.

అసత్యమైన సగం దీని తరువాత వస్తుంది. నేలలో గంధకం తగ్గితే మొక్క మొదట చేసే పని ఎదుగుదల తగ్గించుకోవడం. లేత ఆకులు పసుపుబారతాయి, కొమ్మలు తగ్గుతాయి, కాయలు తగ్గుతాయి. నత్రజని లోపంలో ముందు ముదురు ఆకులు పాలిపోతాయి. గంధకం మొక్కలో అంత సులభంగా పైకి తరలదు కాబట్టి పైనున్న లేత ఆకులు ముందు పాలిపోతాయి. గింజ నాణ్యతలో కూడా మార్పు లేకపోలేదు. బఠాణీలో గంధకం తక్కువైతే, మిథియోనిన్ ఉన్న లెగ్యుమిన్ అనే మాంసకృత్తు తగ్గి, అది లేని విసిలిన్ పాలు పెరుగుతుంది. గోధుమలో ఆస్పరాజిన్ పేరుకొని, కాల్చినప్పుడు ఆక్రిలమైడ్ అనే అవాంఛనీయ పదార్థం ఎక్కువగా ఏర్పడుతుందని ఇంగ్లండులోని రోథాంస్టెడ్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇవన్నీ ముఖ్యమైన విషయాలే. కానీ గింజ కూర్పుకు జన్యుపరమైన హద్దులున్నాయి. గంధకం లోపించిన చేను ముందు రైతు ఆదాయానికి గండికొడుతుంది, తినేవాని మోకాలికి కాదు. నేలలో గంధకం తగ్గిందన్న నిజం నుంచి నేలలో గంధకం వేయాలన్న నిర్ణయం వస్తుంది గాని, మాత్ర మింగాలన్న నిర్ణయం రాదు. అలాగే జిప్సం వేసిన కంది తింటే కీళ్ల నొప్పులు తగ్గుతాయని మనం చెప్పినా అదే తర్కదోషం అవుతుంది. మన ఎరువును అమ్ముకోవడానికి వారి వాదనను అరువు తెచ్చుకోకూడదు.

కంది చేనులో చేయవలసినది

కందికి ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం సిఫార్సు. దీనిని డి.ఎ.పి. రూపంలో వేస్తే సుమారు 43 కిలోలతో, అంటే ఒక బస్తాకు లోపే, పని పూర్తవుతుంది, గంధకం సున్న. అదే భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో వేస్తే 125 కిలోలు, రెండున్నర బస్తాలు కావాలి. దానితో పాటు 13 కిలోలకు పైగా గంధకం, దండిగా సున్నం చేరుతాయి. నత్రజని కోసం 17 కిలోల యూరియా కలపాలి. లెక్క ఇంత తేలికైనదే. ఏళ్ల తరబడి నేను "20 కిలోల భాస్వరం" అని చెప్పి ఊరుకున్నాను. ఏ బస్తాలోంచి అన్నది చెప్పలేదు. రైతు ఒక బస్తా మోసుకువెళ్లేచోట రెండున్నర బస్తాలు మోయడం ఎందుకో అతనికి ఎవరూ చెప్పకపోతే అతను డి.ఎ.పి.నే కొంటాడు. తప్పు అతనిది కాదు.

డి.ఎ.పి. వేసేసిన రైతుకు జిప్సం ఉంది. అందులో గంధకం నాణ్యతనుబట్టి 13 నుంచి 18 శాతం వరకు ఉంటుంది; ఎకరాకు 60 కిలోలు ఆఖరి దుక్కిలో వేస్తే కందికి చాలినంత గంధకం అందుతుంది. వేరుశనగకు మాత్రం పూత, ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల వద్ద వేయడం వేరే లెక్క. అక్కడ కాయకు కాల్షియం అందించడం ముఖ్యోద్దేశం, గంధకం వెంట వస్తుంది. బెంటోనైట్ గంధకంలో 90 శాతం గంధకమున్నా, నేలలోని బాక్టీరియా దానిని సల్ఫేట్‌గా మార్చాలి; తేమ లేని మెట్ట చేలలో ఆ మార్పు నెమ్మదిగా జరుగుతుంది. విత్తడానికి మూడు నాలుగు వారాల ముందు వేయలేనివారికి దానిని నేను సూచించను. 2023లో విడుదలైన గంధకపు పూత యూరియాలో 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉన్నాయి. పత్తి, మొక్కజొన్నలకు పై ఎరువుగా అది సరిపోవచ్చు గాని, నత్రజని కొద్దిగానే అడిగే కందికి కాదు.

మట్టి పరీక్షలో లభ్య గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకన్న తక్కువైతే లోపమని గుర్తిస్తాము. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన మెలిక ఉంది. సల్ఫేట్ నీటితో కిందికి దిగుతుంది. పై ఆరంగుళాల మట్టిలో లోపమున్నా, బంకమట్టి ఉన్న కింది పొరలో, నల్లరేగడి అడుగున జిప్సం ఉన్నచోట, గంధకం నిల్వ ఉండవచ్చు. లోతుకు వేరు పంపే కంది దానిని అందుకుంటుంది. పైపైన వేరూనే కొర్ర అందుకోలేదు. మార్కాపురం ప్రాంతంలో పలకరాయి మీద పలుచగా పరచుకున్న చేలలో కింది పొర అనేదే ఉండదు. అక్కడ పై మట్టి ఫలితమే తుది ఫలితం. ఇంకొకటి బోరు నీరు. నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటే, ఎకరాకు 100 మిల్లీమీటర్ల తడి ఇచ్చినప్పుడు దాదాపు 7 కిలోల గంధకం దానంతటదే చేరుతుంది. అటువంటి మిరప తోటలో గంధకం వేసి ఫలితం రాలేదంటే ఆశ్చర్యపడనక్కరలేదు. కాబట్టి నీటిని కూడా పరీక్షించాలి.

ఆ నీటి పరీక్ష దగ్గరే మనం మళ్లీ ఆ రైతు తల్లి మోకాళ్ల వద్దకు వస్తాము.

నొప్పికి ముందు నీరు

మన దేశంలో మనుషులలో ఫ్లోరోసిస్ వ్యాధిని షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, అతని సహచరులు 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి వర్ణించారు. నేటి పశ్చిమ ప్రకాశంలోని కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లా తాలూకాలు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970లో ఇవన్నీ కలిసి ఒక జిల్లా అయ్యాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మన రాష్ట్రంలోని ఫ్లోరైడ్ ప్రాంతంలో యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని, ఎముకలు పలుచబడడాన్ని లాన్సెట్ వైద్య పత్రికలో వివరించారు. ఈ వ్యాధికి మన నేలలో ఇంత చరిత్ర ఉంది.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. దానికి మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకలలో పేరుకుంటుంది. తొలి దశలో కనిపించేది నడుము పట్టేయడం, మోకాళ్ల నొప్పి, పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం. వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలలోనూ ఇవే కనిపిస్తాయి. తరువాత కీళ్ల చుట్టూ ఉన్న కండరబంధనాలు గట్టిపడి, వెన్నెముక వంగనివ్వదు. ఆ దశకు చేరిన తరువాత ఎముక మొదటి స్థితికి తిరిగి రాదు. నీరు మారిస్తే ముదరకుండా ఆపవచ్చు. తగినంత కాల్షియం, విటమిన్ సి, మాంసకృత్తులు ఉన్న ఆహారం తీవ్రతను తగ్గిస్తుంది.

నిజామ్స్ సంస్థలోగాని, అమెరికాలోగాని, ఇజ్రాయెల్‌లోగాని మాత్రను పరీక్షించినది కీళ్ల అరుగుదల ఉన్నవారి మీద. ఫ్లోరోసిస్ ఉన్నవారి మీద కాదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను గంధకం బయటకు లాగదు. అయితే మాత్రకు నొప్పి కొంచెం తగ్గినా, తగ్గిందన్న నమ్మకం కలిగినా, ఆ ఇంట్లో ఎవరూ నీటి గురించి ఆలోచించరు. అదే బోరు నీటిని పక్కనే పిల్లలు కూడా తాగుతుంటారు. మాత్రలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇది. పదార్థం హానికరమని కాదు, అది కొనిచ్చే ఆలస్యం హానికరమని.

నల్లమల కింద తవ్విన వెలిగొండ సొరంగాల ద్వారా కృష్ణా నీటిని ఈ మెట్ట సీమకు మళ్లించడంలో తాగునీరు కూడా ఒక ప్రధానోద్దేశం. ఆ నీరు ఇంటింటికీ చేరేదాకా చేతిలో ఉన్నవి ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న మరొక బావినో, శుద్ధి నీటినో, వాన నీటి నిల్వనో వంటకూ తాగడానికీ ప్రత్యేకించుకోవడం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది; గ్రామస్థాయిలో క్రమం తప్పక నడిపితేనే అది పనిచేస్తుంది. ఒక్క వడపోతకే ఫ్లోరైడ్ పోతుందని, కాచితే పోతుందని గ్రామాలలో నమ్మేవారున్నారు. కాచితే నీరు తగ్గి ఫ్లోరైడ్ గాఢత ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ఏరువాక కేంద్రంలోనో, రైతు సేవా కేంద్రంలోనో ఎవరైనా గంధకం మాత్రల గురించి అడిగితే, ముందు నీరు ఎక్కడిదని అడగాలి. ఇంట్లో ఇంకెవరికైనా నొప్పులున్నాయా, పిల్లల పళ్లమీద తెల్లని లేదా గోధుమ రంగు చారలున్నాయా అని చూడాలి. ఉన్నాయంటే వారిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు, ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. ముంజేతి ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ గుర్తులు కనిపిస్తాయి. నీరు మంచిదని తేలి, వైద్యుడు కీళ్ల అరుగుదలేనని నిర్ధారించిన తరువాత, మాత్ర మూడు నెలలు వాడి చూడాలనుకుంటే అది వారి ఇష్టం, వైద్యుని సలహా. మూడు నెలలలో తేడా లేకపోతే ఆపేయాలి.

ఆ రైతుకు తరువాత ఫోనులో ఈ సంగతులన్నీ వివరంగా చెప్పాను. చేనులో పై ఆరంగుళాల నుంచి ఒక మట్టి నమూనా, అడుగు లోతునుంచి ఇంకొకటి వేర్వేరుగా తీయమన్నాను. తాగే బోరు నుంచి నీటి నమూనా తీయడానికి ఒక లీటరు ప్లాస్టిక్ సీసా వాడమన్నాను. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరిపితే అంకె తప్పుతుంది. బోరు ఐదు నిమిషాలు నడిచిన తరువాత, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి నింపాలి. సీసా మీద ఊరు, తేదీ, బోరు లోతు రాయాలి. "సార్, నమూనా తీసుకెళ్లే సీసా మీద రాయాల్సింది ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు. ఆ నీటిని ఇంట్లో ఎన్నేళ్లుగా తాగుతున్నారో అది కూడా రాయమన్నాను.